వరస చివర ఒకటి

…వేసే ఉంటుంది. వేయకుండా ఎందుకు వదిలేస్తుంది? ఇంటికి తాళం వేసి, సందు చివరిదాకా వెళ్ళి, వేశానో లేదోనని వెనక్కొచ్చి కప్పని రెండుసార్లు లాగి చూసుకునే మనిషి తను. అలాంటి మనిషి ఆసుపత్రి సర్వరుకి కాపలా తీసేసి మూడు నెలలపాటు మరిచిపోతుందా? భోజనం అయ్యాక మళ్ళీ వేద్దామనుకుంది. అది గుర్తుంది. భోజనం చేసిందీ గుర్తుంది. ఆ రోజు డబ్బా మూత బిగుసుకుపోతే చెంచా కాడతో తీసింది. ఆ తరవాతదే గుర్తు లేదు. గుర్తు లేదంటే అలవాటుగా చేసేసినట్టేగా? రోజూ చేసే పనులు ఎవరికి గుర్తుంటాయి?

ఇలా తన తరఫున తానే వకీలై వాదించుకుంటూ ఆమె బస్సు దిగింది. వాదన బాగానే ఉంది. కానీ మంచి వకీలు దొరికిన ముద్దాయికి ఉండాల్సిన ధీమా కాళ్ళలోకి మాత్రం రావడం లేదు. ఆసుపత్రి మెట్ల దగ్గర ఆగి చెప్పు సరిచేసుకుంది. చెప్పు సరిగ్గానే ఉంది.

ఆ ఆసుపత్రిలో కంప్యూటర్ల బాధ్యత ఆమెది. ఏ డాక్టరు ఏ ఫైలు తెరవచ్చు, ఏ కౌంటరు ఏది చూడకూడదు, అంతా ఆమె చేతి మీదే నడుస్తుంది. అందుకే రికార్డుల గది గుమాస్తా ఒకసారి సరదాగా "తాళాలమ్మ" అన్నాడు. ఆ పేరే స్థిరపడిపోయింది. ఇప్పుడు డాక్టర్లు కూడా "తాళాలమ్మకి ఫోను చెయ్యండి" అంటారు. పేరు పెట్టిన ఆ గుమాస్తాని అందరూ పెద్దాయన అంటారు.

నిన్న, ఆదివారమైనా, సాయంత్రం సూపరింటెండెంటు ఆమెని పిలిపించి తలుపు దగ్గరికి వేయించాడు. మూడో అంతస్తు వార్డులో పనిచేసే నర్సు ఒకావిడ, రెండేళ్ళ క్రితం ఇదే ఆసుపత్రి మానసిక విభాగంలో వైద్యం చేయించుకుంది. ఆ ఫైలులో ఉన్నదంతా, ఆవిడ వేసుకున్న మందుల పేర్లతో సహా, పదిరోజుల నుంచి అంతస్తు అంతా తిరుగుతోంది. "ఎవరు తెరిచారో కంప్యూటర్లో చూసి రేపు పొద్దున చెప్పండమ్మా" అన్నాడు. ఆమె సరే సార్ అని బయటికొచ్చి, వరండాలో నడుస్తూ నడుస్తూ ఠక్కున ఆగిపోయింది. కాపలా. ఎక్స్‌రే గదికి కొత్త యంత్రం వచ్చిన రోజు తీసిన కాపలా. అప్పుడే వెళ్ళి చూసే ధైర్యం చాలక ఇంటికి వెళ్ళిపోయింది.

గదిలోకి రాగానే భుజాన సంచీ దించకుండానే, నిలబడే, సర్వరుని ఒక్క మాట అడిగింది. కాపలా ఏ తీరులో ఉంది?

జవాబు ఒకే పదం వచ్చింది. పర్మిసివ్.

ఆమె కుర్చీలో కూర్చుంది. సంచీ ఇంకా భుజానే ఉంది.

ఆ సర్వరు లోపల ఒక కాపలావాడున్నాడు. మామూలు తాళాల మీద అదనంగా బిగించిన వాడు. ఏ ప్రోగ్రాము ఏ అరలో చెయ్యి పెట్టవచ్చో వాడి దగ్గర ఒక పట్టీ ఉంటుంది. పట్టీలో లేని చెయ్యి వస్తే ఆపుతాడు, ఆపినట్టు పుస్తకంలో రాస్తాడు. అయితే వాడికి రెండో తీరు కూడా ఉంది, ఈ పర్మిసివ్. ఆ తీరులో వాడు పట్టీ చూస్తాడు, తప్పని తెలుసుకుంటాడు, "డినైడ్", అంటే నిరాకరించాను, అని పుస్తకంలో రాస్తాడు. రాసి, పక్కకి జరిగి దారి ఇచ్చేస్తాడు. కొత్త యంత్రమేదైనా పని చేయనప్పుడు, వాడు దేన్ని అడ్డుకుంటున్నాడో కనిపెట్టడానికి అరగంటసేపు వాడుకోవాల్సిన తీరది. అరగంట. ఎక్స్‌రే బొమ్మలు సేవ్ అవడం లేదని సూపరింటెండెంటు కేకలేసిన రోజు ఆమె అలాగే వాడింది. బొమ్మలు సేవ్ అయ్యాయి. అందరూ చప్పట్లు కొట్టారు. ఆమె భోజనానికి వెళ్ళింది.

సర్వరుని ఒక్కసారి ఆపి మళ్ళీ వేసినా కాపలావాడు తనంతట తానే మొదటి తీరుకి వచ్చేవాడు. కానీ నూట రెండు రోజులుగా ఆ సర్వరు ఒక్క నిమిషం ఆగలేదు. పోయిన నెల మీటింగులో ఆమె గొప్పగా చెప్పుకున్న సంగతే అది.

ఆమె చప్పున కాపలావాణ్ణి మొదటి తీరులోకి మార్చింది. ఒక్క మాట, ఒక్క మీట. కిటికీ అవతల ఎవరో నవ్వుకుంటూ వెళ్ళారు. గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టు ఆమె తెర మీది అక్షరాలన్నీ తుడిచేసి ఖాళీ తెర చూస్తూ కూర్చుంది.

ఆరు నిమిషాలకి ఫోను మోగింది. ఎక్స్‌రే గది టెక్నీషియను.

"తాళాలమ్మ గారూ, బొమ్మలు మళ్ళీ సేవ్ అవడం లేదండీ. ఇక్కడ కాలు విరిగినాయన స్ట్రెచర్ మీద ఉన్నాడు, నన్ను తిడుతున్నాడు."

"పది నిమిషాలు ఆగమనండి."

"ఎక్కడికి పారిపోతాడు లెండి, కాలు విరిగింది కదా" అని అతను నవ్వాడు. ఆమెకి నవ్వు రాలేదు.

అప్పుడు రాయాల్సిన పట్టీ ఇప్పుడు రాసింది. ఎక్స్‌రే ప్రోగ్రాము ఫలానా అరలో మాత్రమే చెయ్యి పెట్టవచ్చు, ఇంకెక్కడా వద్దు. రాసి, సరిచూసి, కాపలావాడికి అందించింది. నలభై నిమిషాలు పట్టింది. మూడు నెలలు వాయిదా వేసిన పని నలభై నిమిషాలది.

*

పుస్తకం వెతకడం ఇంకా సులువైంది. నర్సు ఫైలు పేరు ఇచ్చి అడిగితే నాలుగు వరసలు వచ్చాయి. పన్నెండు రోజుల క్రితం, మధ్యాహ్నం రెండుంబావుకి, అపాయింట్‌మెంట్ల కౌంటరు కంప్యూటరు మానసిక విభాగం అరలో చెయ్యి పెట్టింది. ఆ కౌంటర్లో నలుగురు వంతులవారీగా కూర్చుంటారు. నలుగురికీ ఒకటే పాస్‌వర్డు. వాళ్ళలో ఎవరో ఒకరు ఊరికే, బహుశా పొద్దుపోక, తెరిచి చూశారు. తెరుచుకోకూడనిది తెరుచుకుంది.

ప్రతి వరసా చాంతాడంత ఉంది. మొదట్లో డినైడ్ అనే మాట. మధ్యలో ఎవరు, ఎప్పుడు, ఏ అర. చిట్టచివర, తెరని కుడివైపుకి జరిపితే గానీ కనబడని చోట, "పర్మిసివ్ = 1". ఒకటి ఉంటే ఆపలేదని, సున్నా ఉంటే ఆపాడని. మొదటి మాటని చివరి అంకె కొట్టేస్తుంది. ఈ ఆసుపత్రి మొత్తంలో ఆ అంకెని చదవగలిగేది ఆమె ఒక్కతే.

ఇంకా పైకి వెళ్ళింది. మూడు నెలల క్రితం తేదీకి. అక్కడా ఒక వరస ఉంది. కాపలా తీరు మార్చబడింది, మార్చినవారు ఫలానా. ఆ ఫలానా చోట ఆమె లాగిన్ పేరు.

ఆ వరస మీద వేలు ఆగింది. తుడిచేయడానికి ఆమెకి అధికారం ఉంది. కానీ తుడిస్తే తుడిచినట్టు వాడు ఇంకో పుస్తకంలో రాసుకుంటాడు. ఆ రెండో పుస్తకం ఆమె చేతిలో లేదు. ఆమెని ఆపింది నీతి కాదు, అది. ఆ సంగతి తనతో తాను దాచుకోలేదు. పైగా తుడవాల్సిన అవసరం కూడా లేదని మరుక్షణం తట్టింది. పాత పుస్తకాలు వాటంతటవే పోతాయి. ఆమె పేరున్న పుస్తకం వంతు గురువారం తెల్లవారుజామున. ఇవాళ సోమవారం. ఏమీ చేయకుండా కూర్చుంటే చాలు.

నాలుగు వరసలూ ప్రింటు కొట్టింది. కాగితం వెచ్చగా బయటికొచ్చింది. నిలువు కాగితం. వరసలు పొడుగు. కుడి అంచు దగ్గర ప్రతి వరసా కత్తిరించినట్టు ఆగిపోయింది. చివరి మాట, చివరి అంకె కాగితం మీదికి రాలేదు.

కావాలని చేసింది కాదు. ప్రింటరు ఎప్పుడూ అలాగే కొడుతుంది. కానీ చూసింది. చూసి, ఆ కాగితాన్నే తీసుకుని వెళ్ళింది.

సూపరింటెండెంటు కళ్ళజోడు నుదుటి మీంచి దించుకుని వేలితో మొదటి వరస వెంబడి వెళ్ళాడు.

"ఇదేంటమ్మా, డినైడ్ అనా?"

"అవును సార్."

"అంటే కౌంటరు వాళ్ళు చూడబోతే ఆపేసిందన్నమాట."

ఆమె చూపు కాగితం కుడి అంచు దాకా వెళ్ళి వెనక్కొచ్చింది. "డినైడ్ అనే ఉంది సార్."

అందులో అబద్ధం ఒక్క అక్షరం లేదు.

"మీ కాపలావాడు గట్టివాడే" అని ఆయన తేలిగ్గా నవ్వాడు. "అయితే కంప్యూటర్లోంచి పోలేదు. కాగితం ఫైలే చూశారు. రికార్డుల గది తాళంచెవి ఎవరి దగ్గరుంటుంది?"

ఎవరూ జవాబు చెప్పక్కర్లేదు. ఇరవయ్యారేళ్ళుగా అది ఒక్కరి నడుముకే వేలాడుతోంది.

"మంచివాడనుకున్నాం" అన్నాడాయన కాగితాన్ని ఫైలులో పెడుతూ. "కంచే చేను మేస్తే ఎవరితో చెప్పుకుంటాం?"

ఆ మాట తనని అన్నట్టే అనిపించి ఆమె గోడ గడియారం వైపు చూసింది. బయటికొచ్చాక టైమెంతో గుర్తు లేదు.

*

మంగళవారం పెద్దాయన దగ్గర తాళంచెవి తీసుకున్నారు. సంజాయిషీ బుధవారం పదకొండింటికల్లా రాసివ్వాలన్నారు.

ఆ వార్త ఆమెకి మెట్ల మీద తెలిసింది. చెప్పింది ఆ నర్సే. కింద నుంచి ఆమె ఎక్కుతోంది, పై నుంచి నర్సు ఖాళీ ట్రే పట్టుకుని దిగుతోంది. తప్పించుకునే వీల్లేదు.

"మేడమ్, మీరు చూసి చెప్పారట కదా. థాంక్సండీ."

"నేనేం… నేను ఊరికే కాగితం ఇచ్చాను సిస్టర్."

"అదేనండీ. లేకపోతే నేను అందర్నీ అనుమానిస్తూ చచ్చేదాన్ని." నర్సు ట్రేని గుండెకి ఆనించుకుంది. "ఇప్పుడు నన్ను ఇంజెక్షన్లకి పంపడం లేదు, తెలుసా? చేతులు వణుకుతాయేమోనట. నా చేతులు చూడండి."

చెయ్యి చాపింది. ఆ చెయ్యి రాయిలా నిలకడగా ఉంది. ఆమె తన రెండు చేతుల్నీ సంచీ కిందకి దాచుకుంది.

"ఆ పెద్దాయన రోజూ పలకరించేవాడండీ. అమ్మా, తిన్నావా అనేవాడు. అన్నీ చదివి మరీ అడిగాడన్నమాట." నర్సు రెండు మెట్లు దిగి ఆగింది. "అదే తట్టుకోలేకపోతున్నాను."

ఆ సాయంత్రం ఇంట్లో అత్తయ్య కుట్టుమిషను ముందు కూర్చుని ఎవరిదో కోటు చేతులు పొట్టి చేస్తోంది. ఆమె వెళ్ళి ఎదురుగా కూలబడింది.

"ఏంటమ్మాయ్, మొహం అలా పీక్కుపోయింది? ఆసుపత్రిలో పనికి కుదిరావా, రోగిగా చేరావా?"

"తలనొప్పి అత్తయ్యా."

"తలుంటే నొప్పి రాకేం చేస్తుంది. ఇదుగో, ఈ కచ్చా కుట్టు విప్పి పెట్టు. నాకు కళ్ళు ఆనడం లేదు."

కోటు ఒళ్ళోకి లాక్కుని తెల్లదారం పొడుగు పొడుగు కుట్లని సూదిమొనతో లేపుతూ వచ్చింది. చూడ్డానికి కుట్టులాగే ఉంది. కొస పట్టుకుని లాగితే మొత్తం ఒక్క ఊపున వచ్చేసింది.

"పోయినేడు పక్కింటావిడ, తొందరని, కచ్చా కుట్టు మీదే జాకెట్టు పట్టుకుపోయింది" అంది అత్తయ్య మిషను తొక్కుతూ. "ఎవరి పెళ్ళిలోనో చెయ్యెత్తేసరికి చంక దగ్గర పర్రుమంది. గుడ్డలో చేవ లేదని కొట్టువాడి మీద పడింది. పాపం వాడు తానులన్నీ లాగి లాగి చూసుకున్నాడట."

"మరి మీరు చెప్పలేదా?"

మిషను ఆగింది. అత్తయ్య దారం కొరికి, ముక్క ఉమ్మేసి, కోడలి వైపు కాకుండా సూది వైపు చూసింది.

"తినడానికి రా" అంది.

ఆ రాత్రి పడుకోబోయే ముందు ఆమె తలుపు గడియ మూడుసార్లు లాగి చూసింది. మూడుసార్లూ వేసే ఉంది. వేసి ఉన్న గడియని పట్టుకునే కాసేపు నిలబడింది. గురువారం. ఇంకొక్క రోజు.

*

బుధవారం తొమ్మిదిన్నరకి తలుపు చప్పుడైంది. పెద్దాయన. నడుముకి తాళంచెవి లేకపోవడంతో, అలవాటు కొద్దీ దాన్ని పట్టుకోబోయే చెయ్యి ఊరికే బెల్టు మీద తడుముతోంది.

"తాళాలమ్మా, ఖాళీయేనా? చిన్న సాయం."

"రండి బాబాయ్." కుర్చీ లాగింది. కుర్చీ కాలు గచ్చు మీద కీచుమంది. తెలిసిపోయిందా? తెలిసే వచ్చాడా?

"సంజాయిషీ రాయాలి. నా చేతిరాత నీకు తెలుసుగా. డాక్టర్లే చదవలేమన్నారు. డాక్టర్లే అన్నారంటే చూడు." నవ్వాడు. నవ్వు కళ్ళదాకా రాలేదు. "కాస్త టైపు చేసిపెట్టు. నేను చెబుతాను."

ఆమె ఖాళీ పేజీ తెరిచింది. వేళ్ళు అక్షరాల మీద పెట్టింది. ఆయన తాను చేయలేదని చెబుతాడు. టైపు చేస్తుంది. ఎవరూ నమ్మరు. అయినా చెప్పుకున్నట్టుంటుంది. అంతే కదా.

"సూపరింటెండెంటు గారికి" అని మొదలుపెట్టాడు. "ఇరవయ్యారేళ్ళుగా రికార్డుల గది బాధ్యత చూస్తున్న నేను వినయంగా రాసుకునేది. ఈ నెలలో ఒకరోజు మధ్యాహ్నం… రెండుంబావు అని రాయమ్మా, వాళ్ళు ఆ టైమే చెప్పారు… నేను టీకి వెళ్ళినప్పుడు గదికి తాళం వేయడం మరిచిపోయి ఉండవచ్చు."

ఆమె వేళ్ళు ఆగాయి.

"బాబాయ్, మీరు మరిచిపోయారా?"

"అదేగా బాధ. గుర్తు లేదు." ఆయన ముందుకి వంగాడు. గొంతు తగ్గించాడు. "వేసే ఉంటాననుకున్నాను మొదట. వేయకుండా ఎందుకు పోతాను? రెండుసార్లు లాగి చూసుకునే మనిషిని నేను. కానీ ఆ రోజు ప్రత్యేకించి గుర్తు లేదమ్మా. టీ తాగింది గుర్తుంది. గ్లాసుకి పగులుంది, పెదవి కోసుకుంటుందేమోనని తిప్పి పట్టుకున్నాను. తాళమే గుర్తు లేదు."

 తను బస్సులో తనకి చెప్పుకున్న మాటలే, ఒక్కటి పొల్లుపోకుండా, ఎదుటి మనిషి నోట్లోంచి వస్తున్నాయి. తేడా ఒక్కటే. ఈయన వేశాడు.

"గుర్తు లేకపోతే వేయనట్టా?" అంది. 

"వేయనట్టే కదా మరి! నీ పుస్తకంలో రాసి ఉందిటగా, కంప్యూటరు ఆపేసిందని. మనిషి మరిచిపోతాడు గానీ యంత్రం మరిచిపోదు. అది ఆపిందంటే ఇంకెక్కణ్ణుంచి పోయుంటుంది? నా దగ్గర్నుంచే." కళ్ళజోడు తీసి చొక్కా అంచుతో తుడుచుకున్నాడు. "నిన్నటి నుంచి ఇంట్లో బీరువా తాళం కూడా నన్ను వేయనివ్వడం లేదు మీ పిన్ని. నేనే వద్దన్నాన్లే. నామీద నాకే నమ్మకం పోయింది. ఆ అమ్మాయి, ఆ నర్సు, నిన్న నన్ను చూసి అటు తిరిగి వెళ్ళిపోయింది. నా వల్లే గదా. రాయమ్మా. నా నిర్లక్ష్యానికి ఏ శిక్ష వేసినా…"

ఆమె టైపు చేసింది. నా, నిర్లక్ష్యానికి. ఒక్కో అక్షరం నొక్కినప్పుడల్లా కాపలావాడు గుర్తొచ్చాడు. అన్నీ చూస్తాడు. తప్పని తెలుసు. తప్పని రాస్తాడు కూడా. రాసి, పక్కకి జరుగుతాడు. సోమవారం నుంచి తను చేస్తున్నది కూడా అదే.

బయట చెప్పుల చప్పుడు వినబడి తలెత్తింది. ఎవరో వెళ్ళిపోయారు. ఎవరూ రాలేదు. ఎవరూ రారు కూడా. ఆ అంకె చదవగలిగిన వాళ్ళు ఇంకొకరు లేరు. అదే ఇన్నాళ్ళూ ధైర్యం అనుకుంది. ఇప్పుడు భయం ఇంకోవైపు తిరిగి కూర్చుంది. ఎవరూ రాకపోతే, ఈ ముసలాయన బతికినన్నాళ్ళూ వేసిన తాళాలన్నీ వేయలేదనుకుంటూ తిరుగుతాడు.

"అయిందా? ప్రింటు ఇవ్వు. సంతకం పెట్టేస్తాను" అన్నాడు పెద్దాయన జేబులో పెన్ను వెతుక్కుంటూ. "పదకొండింటికి పిలుస్తారు."

ఆమె ఉత్తరం పక్కకి జరిపింది. పుస్తకం తెరిచింది. నాలుగు వరసలు ఎంచుకుంది. తరవాత మూడు నెలల వెనక్కి వెళ్ళి, ఆ ఒక్క వరస తెచ్చి, వాటి కింద పెట్టింది. ప్రింటు అని నొక్కితే తెర మీద పెట్టె తెరుచుకుంది. అందులో రెండు చిన్న బొమ్మలు, నిలువు కాగితం, అడ్డం కాగితం. చిన్న చుక్క నిలువు పక్కన ఉంది, ఎప్పటిలాగే.  తన గది, తన కుర్చీ, తాళాలమ్మ అనే పేరు, మీటింగులో చప్పట్లు, అన్నీ ఆ చుక్క మీద నిలబడి ఉన్నట్టున్నాయి.

చుక్కని అడ్డం పక్కకి మార్చింది.

ప్రింటరు గురగురలాడి కాగితాన్ని వదిలింది. దగ్గరగా ఉన్న పెద్దాయనే వంగి తీసుకున్నాడు. నిలువుగా పట్టుకుని చదవబోయి, మొహం చిట్లించి, మెడ పక్కకి వంచాడు.

"ఇది నా ఉత్తరం కాదే. అడ్డంగా వచ్చిందేంటి? పాడు చేశావా కాగితం?"

"లేదు బాబాయ్. ఈసారి సరిగ్గా వచ్చింది." ఆమె లేచి ఆయన పక్కకి వచ్చింది. కాగితాన్ని ఆయన చేతిలోనే అడ్డంగా తిప్పింది. "ఎడమ నుంచి చదవకండి. ఇక్కడ చూడండి. చివర."

"ఒకటి అని ఉంది."

"సున్నా ఉండాలి. ఒకటంటే ఆపలేదని. ఫైలు కంప్యూటర్లోంచే పోయింది. మీరు తాళం వేశారు బాబాయ్."

ఆయన కాగితాన్ని కళ్ళకి దగ్గరగా తెచ్చుకున్నాడు. బెల్టు మీద చెయ్యి కదలడం ఆగిపోయింది.

"మరి డినైడ్ అని ఉందే ముందు. ఆపాల్సినవాడు ఎందుకు ఆపలేదు? ఎవరైనా వద్దన్నారా వాణ్ణి?"

కింద వరండాలో సూపరింటెండెంటు గొంతు వినిపించింది. ఆమె కాగితం చివర ఆనించి ఉంచిన వేలుని కిందికి జరిపి, ఐదో వరసలో తన పేరు మీద పెట్టింది.